విశ్వవిద్యాలయ ఉద్యోగుల రచనలు, ఆవిష్కరణలు: హక్కు ఎవరిది?

విశ్వవిద్యాలయంలో పనిచేసేవారి చేతుల మీదుగా ఎన్నో కొత్త సృష్టులు వెలువడతాయి. పాఠ్యపుస్తకం, పరిశోధన వ్యాసం, తరగతి నోట్సు, ప్రశ్నపత్రం, కంప్యూటరు ప్రోగ్రాము, వీడియో పాఠం, ప్రయోగశాలలో రూపొందిన ఔషధం, పరిశోధన క్షేత్రంలో పుట్టిన వరి వంగడం, ఇవన్నీ మేధో సంపత్తి కిందికే వస్తాయి. వీటికి బుర్ర పెట్టినవాడు ఉద్యోగి. జీతం, గది, గ్రంథాలయం, పరికరాలు సమకూర్చింది సంస్థ. చాలాసార్లు నిధులు ఇచ్చింది ప్రభుత్వ విభాగమో, ప్రైవేటు కంపెనీయో అయి ఉంటుంది. ఇన్ని చేతులు పడిన వస్తువు మీద హక్కు ఎవరిదంటే, భారతదేశంలో దానికి ఒకే చట్టం గానీ ఒకే జవాబు గానీ లేదు.

రచనలకు 1957 నాటి కాపీరైటు చట్టం వర్తిస్తుంది. ఆవిష్కరణలకు 1970 నాటి పేటెంట్ల చట్టం, కొత్త వంగడాలకు 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ఉన్నాయి. సంస్థకూ ఉద్యోగికీ మధ్య హక్కును తేల్చే తీరు ఈ మూడింటిలో మూడు రకాలు. వీటికి నియామక పత్రం, సర్వీసు నిబంధనలు, సంస్థ పెట్టుకున్న మేధో సంపత్తి విధానం, నిధులిచ్చినవారి షరతులు తోడవుతాయి. ఇన్ని చిక్కుల మధ్య నిలకడగా కనిపించే సూత్రం ఒకటుంది. సృష్టించినది ఎవరన్నది చేసిన పనిని బట్టి తేలుతుంది. హక్కుదారు ఎవరన్నది చాలావరకు ముందుగా రాసుకున్న కాగితాన్ని బట్టి తేలుతుంది.

ముందుగా కాపీరైటు సంగతి. రచన కాగితం మీదికో, కంప్యూటరులోకో ఎక్కగానే ఈ హక్కు దానంతటదే పుడుతుంది. నమోదు తప్పనిసరి కాదు. చేయిస్తే వివాదం వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. సాహిత్య రచనకు ఈ హక్కు రచయిత జీవితకాలమంతా ఉండి, ఆ తరువాత మరో 60 ఏళ్లు కొనసాగుతుంది. చట్టం దృష్టిలో సాహిత్యమంటే కథ, కవిత మాత్రమే కాదు. పాఠ్యపుస్తకం, సిద్ధాంత వ్యాసం, సమాచార పట్టిక, కంప్యూటరు ప్రోగ్రాము కూడా సాహిత్య రచనలే. అయితే కాపీరైటు కాపాడేది భావాన్ని చెప్పిన తీరునే గాని భావాన్ని కాదు. ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లో ఈ సంగతి స్పష్టం చేసింది. కాబట్టి ఒక ఆచార్యుడు ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని మరొకరు తమ సొంత మాటల్లో రాస్తే కాపీరైటు ఉల్లంఘన కాదు. మూలం చెప్పకుండా రాస్తే మాత్రం అది విద్యారంగ నైతికతకు సంబంధించిన తప్పు అవుతుంది.

తొలి హక్కుదారు ఎవరో చెప్పేది కాపీరైటు చట్టం 17వ సెక్షను. రచయితే తొలి హక్కుదారు అన్నది అందులోని మూల సూత్రం. ఆ వెంటనే మినహాయింపులు వస్తాయి. విశ్వవిద్యాలయాలకు ముఖ్యమైనది ఉద్యోగ మినహాయింపు. యజమాని దగ్గర కొలువులో ఉన్న వ్యక్తి, ఆ కొలువులో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు. ఇందులో తేల్చవలసిన విషయాలు మూడు. ఆ వ్యక్తి నిజంగా ఉద్యోగేనా, ఆ రచన ఉద్యోగ విధుల్లో భాగమేనా, వేరే ఒప్పందం ఏదైనా ఉందా. రిజిస్ట్రారు కార్యాలయంలో తయారయ్యే వార్షిక నివేదిక, గ్రంథాలయ సిబ్బంది రూపొందించే సూచిక, కంప్యూటరు కేంద్రం ఉద్యోగి ఫలితాల ప్రకటన కోసం రాసిన ప్రోగ్రాము, వీటి విషయంలో సందేహానికి తావు తక్కువ. అవి సంస్థవే. అధ్యాపకుడి దగ్గరకు వచ్చేసరికే చిక్కు మొదలవుతుంది.

అధ్యాపకుడి విధి పాఠం చెప్పడం, పరిశోధన చేయడం. ఫలానా పుస్తకం రాయమని విశ్వవిద్యాలయం సాధారణంగా ఆదేశించదు. ఇంగ్లండులో 1952లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పిన స్టీవెన్సన్ జోర్డాన్ కేసు ఈ తేడాను చక్కగా చూపిస్తుంది. ఒక సలహా సంస్థలో పనిచేసిన అకౌంటెంటు తన ఉపన్యాసాలను, సంస్థ అప్పగించిన ఒక పని మీద రాసిన నివేదికను కలిపి పుస్తకం చేశాడు. అప్పగించిన పని మీద రాసిన భాగం సంస్థకు చెందుతుందని, ఉపన్యాసాల భాగం అతనిదేనని కోర్టు తేల్చింది. ఉపన్యాసం చెప్పడానికి జీతం ఇచ్చినంత మాత్రాన ఉపన్యాస పాఠం మీద కాపీరైటు యజమానికి పోదన్న వాదనకు ఈ తీర్పు నేటికీ ఆధారం. ప్రపంచవ్యాప్తంగా విశ్వవిద్యాలయాలు పుస్తకాలనూ పరిశోధన వ్యాసాలనూ ఆచార్యులకే వదిలివేసే ఆనవాయితీకీ ఇదే తర్కం మూలం.

భారతదేశంలో ఈ ఆనవాయితీ పక్కనే మరో నిబంధన ఉంది. దాన్ని పట్టించుకునేవారు తక్కువ. 1983లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణ 17వ సెక్షనులో ప్రభుత్వ రంగ సంస్థల గురించి ఒక ఉపనిబంధన చేర్చింది. ప్రభుత్వ రంగ సంస్థ తయారుచేసిన లేదా తొలిసారి ప్రచురించిన రచనకు, దాని ఆదేశంతో గానీ అదుపులో గానీ తయారైన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, ఆ సంస్థే తొలి హక్కుదారు అన్నది దాని సారాంశం. కేంద్ర చట్టం లేదా రాష్ట్ర చట్టం ద్వారా ఏర్పడిన సంస్థలను కూడా ఈ నిర్వచనంలో చేర్చారు. 1926 నాటి చట్టంతో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1974లో పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం ఈ కోవలోకే వస్తాయి. ఈ తరహా హక్కు 60 ఏళ్లు ఉంటుంది. ఆ కాలాన్ని రచయిత మరణం నుంచి కాకుండా ప్రచురణ నుంచి లెక్కిస్తారు. విశ్వవిద్యాలయ ప్రచురణ విభాగానికి పుస్తకం ఇచ్చే ఆచార్యుడు రాతపూర్వక ఒప్పందం చేసుకోకపోతే, ఈ నిబంధన అతనికి అడ్డు రావచ్చు.

దూరవిద్యా పాఠాల విషయంలో ఈ నిబంధన బరువు మరింత ఎక్కువ. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడిన నాటి నుంచి, ఒక సంస్థ కోసం వేరే సంస్థల అధ్యాపకులు పాఠాలు రాసే పద్ధతి తెలుగు నేల మీద బాగా విస్తరించింది. పాఠం పొడవు, అంశాలు, స్థాయి అన్నీ సంస్థే నిర్ణయిస్తుంది. సంపాదకులు దిద్దుతారు. పారితోషికం ఇస్తారు. సంస్థ ఆదేశం మేరకు తయారైన ఇలాంటి పాఠాన్ని రచయిత తరువాత సొంత పుస్తకంగా వేసుకోవాలంటే, ఆ అవకాశాన్ని మొదటి ఒప్పందంలోనే రాయించుకోవాలి.

ఇదే 1983 సవరణ ఉపన్యాసకులకు ఒక మేలు కూడా చేసింది. బహిరంగంగా చేసిన ప్రసంగానికి తొలి హక్కుదారు ప్రసంగించిన వ్యక్తే. ఆ వ్యక్తి ఒకరి దగ్గర ఉద్యోగి అయినా, సభ ఏర్పాటు చేసింది ఆ యజమానే అయినా, ప్రసంగం ఆ యజమాని ప్రాంగణంలోనే జరిగినా హక్కు మారదు. వేరొకరి తరఫున ప్రసంగించినప్పుడు మాత్రం హక్కు ఆ రెండోవారిది. స్మారకోపన్యాసాలకు, సదస్సుల్లో చేసే కీలకోపన్యాసాలకు ఈ రక్షణ ఉంది. నాలుగు గోడల మధ్య నమోదైన విద్యార్థులకు చెప్పే రోజువారీ పాఠం బహిరంగ ప్రసంగం అవుతుందా కాదా అన్నది వాదనకు అవకాశమున్న అంశం.

ప్రశ్నపత్రాల మీద వివాదాలు వందేళ్ల కిందటే కోర్టుకెక్కాయి. లండను విశ్వవిద్యాలయ ప్రశ్నపత్రాలను ఒక ట్యుటోరియల్ ప్రచురణ సంస్థ అచ్చువేయడంతో వచ్చిన కేసులో 1916లో తీర్పు వెలువడింది. ప్రశ్నపత్రం కూడా సాహిత్య రచనే అని కోర్టు చెప్పింది. పరీక్షకులు విశ్వవిద్యాలయానికి ఉద్యోగులు కారు, పిలిచినప్పుడు పని చేసిపెట్టేవారు మాత్రమే కాబట్టి తొలి హక్కు వారిదేనని తేల్చింది. ప్రశ్నపత్రాల హక్కు తనదని విశ్వవిద్యాలయం ముందే షరతు పెట్టుకుంది. అయినా చట్టపరంగా హక్కు పూర్తిగా చేతులు మారాలంటే పరీక్షకుల సంతకంతో బదలాయింపు పత్రం ఉండాలని కోర్టు భావించింది. అతిథి అధ్యాపకులు, బయటి పరీక్షకులు, గంటల లెక్కన పాఠం చెప్పేవారు నేడు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారు రాసిన దాని మీద సంస్థకు ఉద్యోగ మినహాయింపు దానంతటదే వర్తించదు. దూరవిద్యా పాఠంలా సంస్థ ఆదేశంతో తయారైనదైతే, ప్రభుత్వ రంగ సంస్థల నిబంధన వర్తిస్తుందా అన్నది విడిగా చూడాలి.

వీడియో పాఠంలో ఒకే వస్తువు మీద మూడు హక్కులు పేరుకుంటాయి. అధ్యాపకుడు రాసుకున్న పాఠానికి సాహిత్య రచనగా కాపీరైటు ఉంటుంది. చిత్రీకరించిన వీడియోకు విడిగా కాపీరైటు ఉంటుంది. దానికి చట్టం దృష్టిలో రచయిత నిర్మాతే, అంటే చిత్రీకరణకు పూనుకుని బాధ్యత వహించినవారు. మూడోది ప్రదర్శకుడి హక్కు. నటులు, గాయకులతో పాటు ఉపన్యాసం ఇచ్చే వ్యక్తిని కూడా చట్టం ప్రదర్శకుల జాబితాలో చేర్చింది. ఈ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. ప్రదర్శకుడిగా తన పేరు చెప్పించుకునే హక్కును 2012 సవరణ కల్పించింది. స్వయం వంటి జాతీయ ఆన్‌లైన్ పాఠాల వేదికల కోసం పాఠాలు చిత్రీకరించేటప్పుడు సంతకాలు తీసుకునేది ఈ మూడు హక్కులనూ ఒక దారికి తేవడానికే. ఉద్యోగం మారిన తరువాత కూడా పాత సంస్థ ఆ వీడియోను వాడుకోవచ్చా, పాఠం పాతబడితే సవరించే అవకాశం ఎవరికి ఉంటుంది, అధ్యాపకుడు అదే పాఠాన్ని కొత్త సంస్థలో చెప్పవచ్చా అన్న మూడు అంశాలూ ఆ కాగితంలో ఉండాలి.

కాపీరైటు ఎవరి చేతికి పోయినా రచయిత దగ్గర మిగిలేవి నైతిక హక్కులు. చట్టం 57వ సెక్షను ప్రకారం, రచన తనదని చెప్పుకునే హక్కు రచయితకు ఎప్పుడూ ఉంటుంది. తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా రచనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కూ ఉంటుంది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2005లో ఈ హక్కుకు గట్టి బలం ఇచ్చింది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని ఆయన కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం ఊడదీసి పాడుచేసిన వివాదం అది. కాబట్టి ఒక శాఖ తరఫున వెలువడిన పాఠ్యగ్రంథం నుంచి, బదిలీ అయిన లేదా పదవీ విరమణ చేసిన అధ్యాపకుడి పేరు తీసివేసి మరొకరి పేరు పెట్టడం, హక్కు సంస్థదే అయినా, తప్పే.

ప్రచురణకర్తలతో చేసుకునే ఒప్పందాల దగ్గర జాగ్రత్త అవసరం. కాపీరైటు బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. గడువు రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ 19వ సెక్షను చెబుతుంది. అంతర్జాతీయ పరిశోధన పత్రికల ఒప్పంద పత్రాలు ఈ వెసులుబాట్లకు చోటివ్వకుండా అన్ని దేశాలకూ, మొత్తం కాలానికీ హక్కు రాయించుకుంటాయి. అలా రాసిచ్చిన తరువాత సొంత వ్యాసాన్ని అచ్చయిన రూపంలో విశ్వవిద్యాలయ భాండాగారంలో పెట్టడానికి కూడా రచయితకు అనుమతి కావలసి రావచ్చు. హక్కు తన దగ్గరే ఉంచుకుని ప్రచురణకు లైసెన్సు మాత్రమే ఇచ్చే మార్గం కొన్ని పత్రికల్లో ఉంది. సంతకానికి ముందే అడగాల్సిన సంగతి అది.

ఇతరుల రచనలు వాడుకోవడంలో ఉద్యోగులకు చట్టం కొంత స్వేచ్ఛ ఇచ్చింది. సొంత అధ్యయనానికి, పరిశోధనకు, విమర్శకు న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ నకలు తీసుకోవడం ఉల్లంఘన కాదు. ఈ మినహాయింపు హద్దు ఎంతన్నది ఢిల్లీ విశ్వవిద్యాలయ ఫొటోకాపీ కేసులో తేలింది. పాఠ్యప్రణాళికలోని పుస్తకాల నుంచి అధ్యాయాలు తీసి విద్యార్థుల కోసం సంకలనాలుగా కట్టినందుకు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు దావా వేశాయి. 2016లో ఢిల్లీ హైకోర్టు, మొదట ఏక సభ్య న్యాయస్థానంలో, తరువాత ధర్మాసనంలో, బోధన అవసరానికి చేసిన నకలును సమర్థించింది. ఇన్ని పేజీలే అన్న లెక్క పెట్టకుండా, బోధనకు ఎంత అవసరమో చూడాలని ధర్మాసనం చెప్పింది. అయితే ఈ తీర్పు పాఠ్యపుస్తకాన్ని ఆసాంతం స్కాను చేసి ఊరంతా పంచడానికి ఇచ్చిన లైసెన్సు కాదు.

పరిశోధక విద్యార్థి సంగతి వేరు. అతను ఉద్యోగి కాడు. అతనికి అందేది జీతం కాదు, ఫెలోషిప్పు. అందువల్ల సిద్ధాంత వ్యాసం మీద కాపీరైటు, వేరే ఒప్పందం లేకపోతే, విద్యార్థిదే. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే సిద్ధాంత వ్యాసాల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో వ్యాసాన్ని ఉంచడమంటే చదువుకునేందుకు అనుమతి ఇవ్వడమే గాని హక్కు వదులుకోవడం కాదు. పర్యవేక్షణ చేసినంత మాత్రాన గైడు సహరచయిత కాడు. ఇద్దరి రాతా విడదీయలేనంతగా కలిసిపోయినప్పుడే చట్టం ఉమ్మడి రచనగా గుర్తిస్తుంది. శాఖాధిపతి అన్న హోదా మీద వ్యాసానికి పేరు తగిలించే అలవాటుకు చట్టంలో చోటు లేదు. గ్రంథచౌర్యం మీద విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40, 40 నుంచి 60, 60కి పైన అని మూడు అంచెలు పెట్టి శిక్షలు నిర్ణయించింది. ఇది కాపీరైటుకు భిన్నమైన నేరం. కాపీరైటు గడువు తీరిన పుస్తకం నుంచి ఎత్తి రాసినా గ్రంథచౌర్యమే అవుతుంది.

ఇక ఆవిష్కరణలు. పేటెంటు దానంతటదే రాదు. దరఖాస్తు చేయాలి, పరీక్షకు నిలబడాలి, గెలిస్తే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ల హక్కు వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి దాఖలయ్యే దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తాయి. కాపీరైటుకూ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. ఉద్యోగి చేసిన ఆవిష్కరణ యజమానిదని చెప్పే నిబంధన భారత పేటెంట్ల చట్టంలో లేదు. నిజమైన, తొలి ఆవిష్కర్త గానీ, ఆయన నుంచి హక్కు రాయించుకున్నవారు గానీ దరఖాస్తు చేయవచ్చని 6వ సెక్షను చెబుతుంది. కాబట్టి విశ్వవిద్యాలయం దరఖాస్తుదారుగా నిలవాలంటే ఆవిష్కర్త రాసిచ్చిన హక్కు పత్రం చూపించాలి. హక్కు ఎవరి పేరిట వెళ్లినా పేటెంటులో ఆవిష్కర్త పేరు పేర్కొనేందుకు 28వ సెక్షను వీలు కల్పిస్తుంది.

ఇతర దేశాలు ఈ ఖాళీని రకరకాలుగా పూడ్చుకున్నాయి. బ్రిటన్ 1977 నాటి పేటెంట్ల చట్టంలోనే ఉద్యోగ విధుల్లో పుట్టిన ఆవిష్కరణ యజమానిదని రాసుకుంది. యజమానికి అసాధారణమైన లాభం కలిగితే ఉద్యోగికి పరిహారం కోరే హక్కు ఇచ్చింది. జర్మనీలో ఆచార్యుల ఆవిష్కరణలు వారివేనన్న ప్రత్యేక సౌలభ్యం చాలాకాలం నడిచింది. 2002లో దాన్ని రద్దుచేసి, రాబడిలో 30 శాతం ఆవిష్కర్తకు ఇచ్చే పద్ధతి పెట్టారు. స్వీడన్ ఆ సౌలభ్యాన్ని నిలుపుకుంది. ఆస్ట్రేలియాలో పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయానికీ, శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రూస్ గ్రేకూ మధ్య కాలేయ క్యాన్సర్ చికిత్సకు వాడే సూక్ష్మగోళాల మీద పెద్ద వ్యాజ్యం నడిచింది. పరిశోధన చేయడం ఆచార్యుడి విధి గాని, ఆవిష్కరించడం అతని విధి కాదని 2009లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఫలితాలను ప్రచురించుకునే స్వేచ్ఛ, నిధులు తానే వెతుక్కోవలసిన పరిస్థితి ఉన్న ఆచార్యుణ్ణి కంపెనీ ఉద్యోగితో సమానంగా చూడలేమన్నది ఆ తీర్పు సారం.

అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టం, ప్రభుత్వ నిధులతో పుట్టిన ఆవిష్కరణల హక్కును విశ్వవిద్యాలయాలు ఉంచుకునే వీలు కల్పించింది. కాని ఆ హక్కు దానంతటదే రాదని 2011లో స్టాన్‌ఫర్డ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. హెచ్‌ఐవీ పరీక్షా పద్ధతి మీద పనిచేసిన పరిశోధకుడు స్టాన్‌ఫర్డ్‌తో హక్కు రాసిస్తానని ఒప్పుకున్నాడు. తరువాత సెటస్ అనే కంపెనీలో పని నేర్చుకోవడానికి వెళ్లి, హక్కును ఇందుమూలంగా రాసిస్తున్నానన్న కాగితం మీద సంతకం పెట్టాడు. మొదటిది రాబోయే కాలానికి ఇచ్చిన మాట, రెండోది అప్పటికప్పుడే చేసిన బదలాయింపు. సెటస్ నుంచి ఆ వ్యాపారాన్ని కొన్న రోష్ కంపెనీ గెలిచింది. అతిథిగా వేరే ప్రయోగశాలకు వెళ్లే పరిశోధకులు అక్కడ పెట్టే ప్రతి సంతకానికీ ఈ కేసు హెచ్చరిక.

భారతదేశంలో ఇలాంటి చట్టం కోసం ప్రయత్నం జరిగింది. ప్రభుత్వ నిధులతో పుట్టిన మేధో సంపత్తిపై 2008లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాకుండానే 2014లో వెనక్కు వెళ్లింది. దాంతో బాధ్యత ఒక్కో సంస్థ సొంత విధానం మీద పడింది. విద్యార్థులు, అధ్యాపకుల అంకుర సంస్థల కోసం 2019లో కేంద్రం ఇచ్చిన జాతీయ విధానం ఒక దారి చూపించింది. సంస్థ వనరులను గణనీయంగా వాడుకుని, లేదా పాఠ్యప్రణాళికలో భాగంగా చేసిన ఆవిష్కరణ సంస్థకూ ఆవిష్కర్తలకూ ఉమ్మడిగా చెందాలి. సంస్థ వనరులు వాడకుండా, పని గంటల వెలుపల చేసినది పూర్తిగా ఆవిష్కర్తలదే కావాలి. ఈ విధానం మార్గదర్శకమే గాని చట్టం కాదు. గ్రంథాలయం, గది, ఇంటర్నెట్ వంటి మామూలు సౌకర్యాలు గణనీయమైన వనరులా కాదా అన్నది ప్రతి సంస్థ తన నిబంధనల్లో స్పష్టం చేసుకోవలసిన అంశం.

పేటెంటు విషయంలో విశ్వవిద్యాలయాలు ఎక్కువగా నష్టపోయేది తొందరపాటు ప్రచురణ వల్ల. ఆవిష్కరణ కొత్తదై ఉండాలి. దరఖాస్తుకు ముందే వ్యాసంగా అచ్చయినా, వెబ్‌సైటులో పెట్టిన సిద్ధాంత వ్యాసంలో కనిపించినా కొత్తదనం పోతుంది. పండిత సంఘం ముందు చదివిన పత్రానికి, ఆ సంఘం ప్రచురించిన సంపుటికి 31వ సెక్షను కింద 12 నెలల వెసులుబాటు ఉంది. మామూలు పత్రికలో వచ్చిన వ్యాసానికి అది వర్తిస్తుందని నమ్ముకోవడం ప్రమాదం. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన స్టాన్లీ కోహెన్, శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన హెర్బర్ట్ బోయర్ జన్యు పునస్సంయోజనం మీద తమ ఫలితాలను 1973లో ప్రచురించారు. 1974లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. అమెరికాలో ఉన్న ఏడాది వెసులుబాటు వారిని కాపాడింది. ఆ వెసులుబాటు లేని దేశాల్లో పేటెంటు దక్కలేదు. తొలుత అరకొర వివరణతో తాత్కాలిక దరఖాస్తు వేసి, 12 నెలల్లో పూర్తి వివరణ ఇచ్చే మార్గం భారత చట్టంలో ఉంది. వ్యాసం పంపేముందు ఆ పని చేస్తే రెండూ దక్కుతాయి.

తెలిసిన విషయానికి పేటెంటు నిలవదని పసుపు ఉదంతం చాటింది. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో అమెరికా పేటెంటు వచ్చింది. భారతదేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) సవాలు చేసి, పాత గ్రంథాల ఆధారాలు చూపడంతో 1997లో అది రద్దయింది. కేవలం కంప్యూటరు ప్రోగ్రాముకు, వ్యవసాయ పద్ధతికి, మనుషులకు చేసే చికిత్సా విధానానికి, మొక్కలకు, విత్తనాలకు భారత చట్టం పేటెంటు ఇవ్వదు. ఉమ్మడి పేటెంటులో వేరే ఒప్పందం లేకపోతే అందరికీ సమాన వాటా ఉంటుంది. మిగతావారి సమ్మతి లేకుండా ఏ ఒక్కరూ లైసెన్సు ఇవ్వలేరు. భారతదేశంలో నివసించేవారు ముందుగా విదేశంలో దరఖాస్తు చేయాలంటే 39వ సెక్షను కింద అనుమతి కావాలి. విద్యాసంస్థలకు పేటెంటు రుసుములో 80 శాతం రాయితీని 2021లో ప్రకటించారు.

మొక్కల వంగడాలకు ఉన్నది మూడో తీరు. పేటెంటులో ఆవిష్కర్త మనిషి. 2001 చట్టంలో సంస్థ కూడా ప్రజననకర్త, అంటే కొత్త రకాన్ని రూపొందించినవారు, కావచ్చు. రకం తమదని చెప్పుకునే విశ్వవిద్యాలయం నేరుగా దరఖాస్తు చేయవచ్చని చట్టమే పేర్కొంది. తెలుగు నేల మీద వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల కృషికి పేరెన్నికగన్న ఉదాహరణ బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204. తరువాత హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థ కలిసి దానికే బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే గుణం జోడించి 2008లో మెరుగైన సాంబ మసూరిని తెచ్చాయి. ఒకరి వంగడం మీద మరొకరు కొత్త వంగడం సృష్టించేందుకు చట్టం పరిశోధకులకు వీలిచ్చింది. నమోదైన రకాన్ని పదేపదే జనకంగా వాడితే మాత్రం అనుమతి కావాలి. పంటలకు రక్షణ 15 ఏళ్లు, చెట్లకూ తీగలకూ 18 ఏళ్లు. రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు.

హక్కు సంస్థ చేతిలో ఉండటం ప్రతిసారీ ఉద్యోగికి నష్టమే అనుకోనక్కరలేదు. 1923లో ఇన్సులిన్ పేటెంటును బాంటింగ్, బెస్ట్, కాలిప్ తలా ఒక డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు. మందు ఏ ఒక్క కంపెనీ గుత్తాధిపత్యంలోకీ పోకూడదన్నది వారి ఉద్దేశం. సంస్థకు ఉండే పలుకుబడి, న్యాయ సహాయం, లైసెన్సు ఇచ్చే శక్తి ఒక్క ఆచార్యుడికి ఉండవు. అందుకు బదులుగా రాబడిలో వాటా, పేరు, ప్రచురణ స్వేచ్ఛ అతనికి కాగితం మీద దక్కాలి. లైసెన్సు ద్వారా వచ్చే రాబడిని ఆవిష్కర్తకు, శాఖకు, సంస్థకు ఎలా పంచాలో విధానంలో అంకెలతో సహా ఉండాలి.

విశ్వవిద్యాలయ ఉద్యోగి పాటించవలసిన క్రమం దీన్నిబట్టి స్పష్టమవుతుంది. కొలువులో చేరేటప్పుడు నియామక పత్రంలోని హక్కుల నిబంధనను, సంస్థ విధానాన్ని చదవాలి. అంతకుముందే తన దగ్గరున్న రచనలను, ఆవిష్కరణలను రాతపూర్వకంగా తెలియజేయాలి. పని మొదలుపెట్టేముందే సహచరులతో వాటాలు, పేర్ల వరస తేల్చుకోవాలి. ప్రయోగశాల పుస్తకంలో తేదీలతో నమోదు చేసుకోవాలి. ఆవిష్కరణ అనిపించినప్పుడు ప్రచురణకు ముందే సంస్థకు తెలియజేయాలి. సర్వీసు నిబంధనలు కోరితే బయటి రచనకు, రాయల్టీకి ముందస్తు అనుమతి తీసుకోవాలి. సంస్థ వైపు నుంచి చూస్తే, విధానాన్ని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, అధ్యాపకులకే కాక సాంకేతిక సిబ్బందికి, అతిథి అధ్యాపకులకు, పరిశోధక విద్యార్థులకు అందుబాటులో ఉంచాలి. వివాదం వచ్చాక వెతికే ఒప్పందం ఎవరికీ ఉపయోగపడదు. పని మొదలయ్యే నాడే రాసుకున్న ఒప్పందం ఉద్యోగికీ సంస్థకూ ఇద్దరికీ రక్షణ.